ముందు లెక్కపెట్టండి!

మెహదీపట్నంలో పరిగి బస్సో తాండూరు బస్సో ఎక్కండి. కిటికీ పక్క సీటు దొరికితే మరీ మంచిది. అప్పా జంక్షన్ దాటి, మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లే. కొన్నిచోట్ల కొమ్మలు పైన కలిసిపోయి ఎండ కిందికి దిగదు. మన్నెగూడ దాకా ఇదే వరస.

మీలో చాలామంది ఈ దారినే కాలేజీకి వెళ్తున్నారు. ఇంజినీరింగ్ అయితే నాలుగేళ్లు, డిగ్రీ అయితే మూడేళ్లు. రోజుకు రెండుసార్లు ఈ చెట్ల కిందినుంచే రాకపోకలు. ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను.

మీరు దిగే స్టాప్ నుంచి కాలేజీ గేటు దాకా పెద్ద చెట్లు ఎన్ని?

తెలీదా? పర్లేదు. రేపు సాయంత్రానికి తెలుస్తుంది.

పర్యావరణం అంటే మీకు ఇష్టమే. అందులో నాకేమీ అనుమానం లేదు. జూన్ 5న స్టేటస్ పెడతారు. ఎవరైనా చెట్టు కొట్టేస్తున్న వీడియో కనిపిస్తే షేర్ చేస్తారు. మనసులో బాధ ఉంది, చేతికి పని దొరకడం లేదు. ఆ పని ఎలా మొదలుపెట్టాలో, ఎలా నిలబెట్టుకోవాలో ఈ మర్రిచెట్ల కథే నేర్పుతుంది. నేర్చుకోవడానికి బోటనీ చదివి ఉండక్కర్లేదు.

చెట్లను నిలబెట్టింది లెక్క

కథ క్లుప్తంగా చెబుతాను. ఇది హైదరాబాద్–బీజాపూర్ హైవే. నంబర్ ఎన్‌హెచ్ 163. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు వరసలుగా వెడల్పు చేయాలని ప్లాన్. ఆ దారిలో 900కు పైగా మర్రిచెట్లు. చాలావరకు నిజాం కాలంలో నాటించినవని చెబుతారు. పాత పద్ధతిలో రోడ్డు వెడల్పు చేస్తే ముందు వీటి మీదే రంపం పడేది.

2019లో ‘సేవ్ బనియన్స్ ఆఫ్ చేవెళ్ల’ పేరుతో ఒక ప్రయత్నం మొదలైంది. ‘నేచర్ లవర్స్ ఆఫ్ హైదరాబాద్’ అనే బృందం ముందు నిలబడింది. వాళ్లేం పెద్ద నాయకులు కారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఇల్లు చూసుకునేవాళ్లు, రచయితలు, చదువుకునే పిల్లలు. సెలవురోజున వచ్చి చెట్ల కింద నడిచారు. సంతకాలు సేకరించారు. వీటన్నిటికంటే గట్టి పని ఇంకొకటి చేశారు. చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఎక్కడుందో ఫోన్‌లో జియోట్యాగ్ చేశారు.

ఇక్కడ కాస్త ఆగండి. ఇదే అసలు పాయింట్.

‘చెట్లు కొట్టొద్దు’ అంటే ఆఫీసరు తల ఊపి పంపించేస్తాడు. ‘ఫలానా ఊరి దగ్గర, ఫలానా లొకేషన్‌లో, రోడ్డు అంచుకు ఇన్ని అడుగుల దూరంలో ఈ చెట్టుంది, రోడ్డు ఇటు జరిగితే ఇది మిగులుతుంది’ అంటే ఫైలు తెరవక తప్పదు. కోపానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవచ్చు. లెక్కకు మాత్రం జవాబు చెప్పాలి.

తర్వాత వాళ్లు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. పర్యావరణ ప్రభావం మీద అధ్యయనం జరిగేదాకా చెట్ల జోలికి వెళ్లొద్దని 2023లో ట్రిబ్యునల్ ఆపింది. 2025 అక్టోబర్ ఆఖరుకు ఆ స్టే తొలగింది. అయితే అప్పటికి ప్లానే మారిపోయింది! ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉంటాయి. సుమారు 150 చెట్లను వేళ్లతో సహా తీసి వేరేచోట నాటాలి.

ఆరేళ్లు పట్టింది. ఈ రీల్స్ కాలంలో ఆరేళ్లంటే మీకు యుగంలా అనిపించవచ్చు. కానీ ఎవరూ ఆరేళ్లూ రోజంతా ఇదే పని చేయలేదు. వారానికి కొన్ని గంటలు ఇచ్చారు. మానకుండా ఇచ్చారు.

మీర్జాగూడ గురించి కూడా మాట్లాడాలి

ఈ విషయం దాటేసి ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

2025 నవంబర్ 3. స్టే తొలగి నాలుగు రోజులు కూడా కాలేదు. పొద్దున్నే మీర్జాగూడ దగ్గర కంకర లోడు టిప్పర్ తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును గుద్దింది. 19 మంది చనిపోయారు. వాళ్లలో సెలవుకు ఇంటికొచ్చి, చదువు కోసం హైదరాబాద్ తిరిగి వెళ్తున్న అమ్మాయిలున్నారు. మీ వయసు వాళ్లే.

ఆ రోజు నుంచీ ‘చెట్లు చెట్లు అని రోడ్డును ఆపారు, ఇదిగో ఫలితం’ అన్న మాట గట్టిగానే వినిపించింది. ఇలాంటి మాట మీకూ ఎదురవుతుంది. ఇంట్లోనే ఎదురుకావచ్చు. అప్పుడేం చేస్తారు?

వాదనకు దిగకండి. మొహం చాటేయకండి కూడా. ముందు వినండి. బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ముందు చెట్టు గొప్పదనం చెప్పడం మనిషితనం కాదు. విన్నాక నిజం చెప్పండి: ఈ ఉద్యమం ఎప్పుడూ రోడ్డు వద్దనలేదు. చెట్లను ఉంచి రోడ్డును పక్కకు జరపమంది. ప్రాణాలు నిలబెట్టే రోడ్డూ కావాలి, చెట్లూ కావాలి. రెండింటినీ ఒకే నోటితో అడగగలగాలి. పర్యావరణం మాట్లాడే కుర్రాడు డివైడర్ గురించీ, ఓవర్‌లోడ్ టిప్పర్ల గురించీ, మలుపు దగ్గర లైటు గురించీ అదే పట్టుదలతో అడిగితే ఊరు అతని మాట వింటుంది. వినాల్సిందే.

నా దృష్టిలో వ్యక్తిత్వ వికాసంలో ఇంతకు మించిన పాఠం లేదు. అవతలివాళ్ల బాధ కూడా న్యాయమే అని ఒప్పుకుంటూనే మన మాట మీద మనం నిలబడాలి. కష్టమే. సాధన చేస్తే వస్తుంది.

జీవో 111 విషయంలోనూ అంతే. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెండు చెరువుల నడుమ ఉంది మొయినాబాద్. చెరువుల్లోకి మురుగు చేరకూడదని 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలనూ పరిశ్రమలనూ అడ్డుకుంది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ఉత్తర్వు ఇచ్చింది. మీ క్లాస్‌మేట్ నాన్నకు ఇక్కడ రెండెకరాలుంటే ఆయన సంతోషించి ఉంటాడు. సిటీ నీళ్ల కోసం మా భూమి విలువ పాతికేళ్లు ఎందుకు ఆగిపోవాలి అని అడుగుతాడు. ఆయన శత్రువు కాడు. ఆయన ప్రశ్నకు జవాబు చెప్పగలిగేంత చదవండి. చెరువు ఎక్కడ నిండుతుందో, వాగు ఏ పొలం మీదుగా వస్తుందో ఒకసారి నడిచి చూసి అప్పుడు మాట్లాడండి.

పదకొండు ముందు, నూట ఎనిమిది తర్వాత

చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే ఉంటారు. పరీక్షల ముందు, వీసా ఇంటర్వ్యూ ముందు ఎవరు వెళ్లరు! మొదటిసారి కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు. తీరాక వచ్చి 108. చేతిలో అంకెల కాగితం. ఒక్కో చుట్టుకు ఒక్కో అంకె కొట్టేస్తూ నడుస్తారు. ఎవరూ మధ్యలో ఆపి ‘ఇక చాల్లే’ అనుకోరు. ఎందుకంటే లెక్క చేతిలో ఉంది.

మీ పర్యావరణ సాధన కూడా అలాగే నడవాలి. మొదటి రోజే 108 మొదలుపెట్టకండి. ప్లాస్టిక్ మానేస్తా, బైక్ మానేస్తా, ఊరంతా మొక్కలు నాటుతా అని ఒకేసారి శపథం చేసినవాళ్లు మూడో వారానికి కనిపించరు. 11తో మొదలుపెట్టండి. పదకొండు రోజులు, ఒకే ఒక్క పని.

ఏ పని? నా సలహా ఇది.

కాలేజీకి దగ్గర్లో ఒక చెట్టును ఎంచుకోండి. మర్రి అయితే మరీ మంచిది. రోజూ పది నిమిషాలు దాని దగ్గర ఆగండి. ఫోన్ జేబులో, నోట్‌బుక్ చేతిలో.

మొదటి రోజు ఫోన్ బయటికి తీయండి. లొకేషన్ పిన్ చేసి సేవ్ చేయండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఛాతీ ఎత్తులో మాను చుట్టూ టేపు పెట్టి కొలవండి. ఊడలు నేలకు దిగి ఉంటే అవెన్నో రాయండి. తారు అంచు నుంచి మొదలు దాకా దూరం కొలిచి రాయండి. ట్రాఫిక్ చూసుకోండి, ఒంటరిగా వెళ్లకండి. ఒకరు కొలుస్తుంటే ఒకరు రోడ్డు వైపు చూడాలి.

రెండో రోజు గాయాలు చూడండి. ట్యూషన్ సెంటర్ బోర్డు, ప్లాట్ల అమ్మకం బోర్డు మేకులతో కొట్టి ఉంటాయి. మొదట్లో చెత్త తగలబెట్టిన నల్లటి మచ్చ ఉంటుంది. ఈ మచ్చను తేలిగ్గా తీసుకోకండి. నిప్పు పదే పదే తగిలితే బెరడు చస్తుంది. బెరడు పోయినచోట పుచ్చు పడుతుంది. పుచ్చిన చెట్టు గాలివానకు రోడ్డు మీద పడుతుంది. అప్పుడు అందరూ చెట్టుదే తప్పంటారు.

మూడో రోజు నుంచి ఎవరెవరు వస్తున్నారో రాయండి. గోరింక, కోయిల, పిగిలిపిట్ట, టుక్ టుక్ మనే కంసాలిపిట్ట. చీకటి పడేవేళకు గబ్బిలాలు. పేరు తెలియకపోతే ‘మెర్లిన్’ యాప్ ఉంది. ఉచితం. కూత వినిపిస్తే పేరు చెబుతుంది. చెట్లకూ పురుగులకూ ‘ఐనాచురలిస్ట్’ ఉంది. మీరు అప్‌లోడ్ చేసిన ఒక్కో ఫొటోకూ తేదీ, చోటు అంటుకుని ఉంటాయి. రేపు ఎవరైనా ‘అక్కడేముంది, ఖాళీ రోడ్డే కదా’ అంటే చూపించడానికి పనికొస్తాయి.

ఇక చెట్టు కాసిన రోజున ఒక పని తప్పకుండా చేయండి. సగం ఎర్రబడిన మర్రికాయ ఒకటి తీసుకుని బ్లేడుతో రెండు ముక్కలు చేయండి. లోపల గుజ్జనుకుంటారు, కానీ అది ఒక పూలగుత్తి. వందల చిన్న చిన్న పూలు లోపలి వైపు తిరిగి ఉంటాయి. ఫోన్ కెమెరా జూమ్ చేసి ఓపిగ్గా చూస్తే ఆవగింజ కన్నా చిన్న కందిరీగలు కదులుతూ కనిపించవచ్చు. ఆడ కందిరీగ కాయ కొసన ఉన్న సన్నటి రంధ్రంలోంచి లోపలికి దూరుతుంది. దూరేటప్పుడే దాని రెక్కలు ఊడిపోతాయి. వేరే చెట్టు నుంచి తెచ్చిన పుప్పొడి పూలకు అందించి, గుడ్లు పెట్టి లోపలే చనిపోతుంది. పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. అవి కాయకు సొరంగం తవ్వి చనిపోతాయి. ఆడవి ఆ సొరంగంలోంచి పుప్పొడితో ఎగిరిపోతాయి. మర్రికి ఈ కందిరీగ తప్ప దిక్కులేదు, ఈ కందిరీగకు మర్రి తప్ప దిక్కులేదు. బతికేది ఒకటి రెండు రోజులే కాబట్టి, అది వెళ్లగలిగే దూరంలో ఎప్పుడూ ఏదో ఒక మర్రి కాయలతో ఉండాలి.

ఇప్పుడు చెప్పండి. వరసలోంచి ఒక చెట్టు తీసేస్తే పోయేది ఒక చెట్టేనా?

ఇది పుస్తకంలో చదివితే రెండు మార్కుల ప్రశ్న. మీ చేత్తో కోసి చూస్తే ఇక జన్మలో మర్చిపోరు.

సంచిలో ఉండాల్సినవి

రోజువారీ అలవాట్ల గురించి ఎక్కువ చెప్పను. మీకు తెలిసినవే. స్టీలు బాటిల్, టిఫిన్ డబ్బా, గుడ్డ సంచి. ఈ మూడూ రాత్రే బ్యాగులో పెట్టుకోండి. పొద్దున హడావుడిలో గుర్తుండదు.

పలచటి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. అంటే ఫంక్షన్ హాల్లో వాటిని కాదనడం మీ చాదస్తం కాదు, చట్టం. మొయినాబాద్ చుట్టూ ఫాంహౌస్‌లకూ ఫంక్షన్ హాళ్లకూ కొదవ లేదు. ఈ ఏడాది మీ ఫ్రెషర్స్ పార్టీ అక్కడే పెడితే స్టీలు ప్లేట్లు అద్దెకు తెచ్చే బాధ్యత మీరు తీసుకోండి. ‘అందరూ మారాలి’ అని మైకులో చెప్పినవాడి కంటే ప్లేట్లు తెచ్చినవాడే గుర్తుంటాడు.

కూరగాయల మాట కూడా ఒకటి. చేవెళ్ల అంటేనే కూరగాయలు, పూలు. రూమ్ తీసుకుని వండుకునేవాళ్లు యాప్‌లో ఆర్డర్ పెట్టి మూడు ప్లాస్టిక్ కవర్లలో క్యారెట్ తెప్పించుకోవడం ఎందుకు? సాయంత్రం సంచితో మార్కెట్‌కు వెళ్లండి. రైతుతో రెండు మాటలు మాట్లాడండి. బోరు ఎన్ని అడుగులకు పోయిందో అడగండి. ఆ జవాబు మీ నోట్‌బుక్‌లో రాసుకోదగ్గది.

బస్సు పాస్ తీసుకోండి. ఇదొక్కటీ చేస్తే చాలు, మిగతావి మీరే నేర్చుకుంటారు.

అడగడం నేర్చుకోండి

పదకొండు రోజులయ్యాయి. నోట్‌బుక్‌లో పది పేజీలు నిండాయి. ఇప్పుడు నోరు విప్పండి.

మేకులు కొట్టిన బోర్డుతో మొదలుపెట్టండి. బోర్డు మీద ఫోన్ నంబర్ ఉంటుంది కదా. కాల్ చేయండి. మర్యాదగా మాట్లాడండి. ‘అన్నా, మీ బోర్డు మర్రిచెట్టుకు మేకులతో ఉంది. తీసి పక్కన కర్రకు కట్టుకుంటారా? కావాలంటే మేం సాయం చేస్తాం.’ చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఫొటో జతచేసి పంచాయతీకో మున్సిపాలిటీకో కాగితం ఇవ్వండి. ఇచ్చిన కాగితం మీద తేదీతో రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. ముద్ర లేని వినతిపత్రం ఇచ్చినా ఇవ్వనట్టే.

తర్వాత సమాచార హక్కు. 2005 చట్టం. దరఖాస్తు ఫీజు పది రూపాయలకు మించదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రశ్నలు సూటిగా ఉండాలి. ‘పర్యావరణానికి ఏం చేస్తున్నారు’ అని అడిగితే అటూ ఇటూ కాని జవాబు వస్తుంది. ఇలా అడగండి:

ఈ రోడ్డు మీద తరలించడానికి అనుమతించిన చెట్లు ఎన్ని, వాటి నంబర్లు ఏవి?

తరలించిన చెట్టును ఎక్కడ నాటారు?

నీళ్లు పోసే బాధ్యత ఎవరిది, ఎన్నాళ్లు?

ఒక పేజీ చాలు. పదో తరగతి తెలుగు వస్తే చాలు.

ఇదంతా మనవల్ల అవుతుందా అని మీలో ఒకరు అనుకుంటున్నారు. ఆ ఒకరికే చెబుతున్నాను. 2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టడానికి జేసీబీలు దిగినప్పుడు ముందుగా ఎదురెళ్లింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. ఆ నాలుగు రోజుల్లో టీవీల్లో కనిపించింది నినాదాలే. కానీ అక్కడ ఏ పక్షులున్నాయో, ఏ జంతువులున్నాయో చెప్పడానికి ఏళ్ల తరబడి క్యాంపస్‌లో తిరిగి ఫొటోలు తీసి, జాబితాలు రాసి పెట్టుకున్నవాళ్లున్నారు. అవసరం వచ్చిన రాత్రి కూర్చుని జాబితా రాస్తే కుదరదు. అది ముందే ఉండాలి.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్యగారు జీవితమంతా ఒకే పని చేశారు. విత్తనాలు ఏరడం, చల్లడం, మొక్కలు నాటడం. పెద్ద చదువులు లేవు, పదవి లేదు. 2017లో పద్మశ్రీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆయన వెళ్లిపోయారు. ఆయన నాటిన చెట్లకు ఆ సంగతి తెలీదు, పెరుగుతూనే ఉన్నాయి.

ఈ ఏడాది మీ పని

నాటడం సులువు. మొక్కలు నాటే కార్యక్రమం తెలంగాణకు హరితహారం 2015 జులై 3న మొదలైంది మన చిలుకూరులోనే. నాటిన రోజు ఫొటోలో యాభై మంది ఉంటారు. మే నెలలో బిందె పట్టుకుని ఎంతమంది ఉంటారు? నేను మీ నుంచి కోరేది ఆ మే నెల.

తరలించే మర్రిచెట్లకు సరిగ్గా మీరే కావాలి. కొమ్మలు నరికి, వేళ్లు కోసి, క్రేన్‌తో ఎత్తి వేరేచోట దింపిన చెట్టు చూడ్డానికి మొద్దులా ఉంటుంది. అది చచ్చిందో బతికిందో మొదటి నెలల్లో చెప్పడం కష్టం. చిగురు వేసిందని సంబరపడి వదిలేయకూడదు. మానులో దాచుకున్న శక్తితో కూడా చిగురు వస్తుంది. వేళ్లు కొత్త నేలను పట్టుకున్నాయా లేదా అన్నది మొదటి వేసవి దాటితేనే తెలుస్తుంది. కాబట్టి ఆ వేసవి దాకా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

నలుగురు కలవండి. ఒక చెట్టు తీసుకోండి. అధికారులతో మాట్లాడి, చెప్పి చేయండి. దొంగచాటుగా చేయాల్సిన పని కాదిది. వారానికి ఒక ఫొటో, ఒకే చోట నిలబడి, ఒకే కోణంలో. చిగుళ్లు ఏ కొమ్మకు వచ్చాయి, ఏ కొమ్మ ఎండింది, పాదులో తడి ఉందా, ట్యాంకర్ ఏ రోజు వచ్చింది. అంతే. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు వద్దు, ఈ నాలుగు వివరాలే పెట్టండి. రెండు వారాలు ట్యాంకర్ రాకపోతే నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి సంబంధిత ఆఫీసుకు పంపండి. జవాబు రాకపోతే మర్నాడు స్వయంగా వెళ్లండి.

సెమిస్టర్ పరీక్షల తర్వాత అందరూ ఊళ్లకు వెళ్లిపోతారు. సరిగ్గా ఎండలు ముదిరేది అప్పుడే. అందుకే ఏప్రిల్‌లోనే మొయినాబాద్‌లోనో చేవెళ్లలోనో ఇల్లున్న జూనియర్ ఒకరిని పట్టుకోండి. చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, ఏ రోజు ఏం రాయాలో చూపించి, నోట్‌బుక్ చేతికిచ్చి అప్పుడు బస్సెక్కండి.